హామిల్టన్‌లో వాననీటి లెక్క: కొత్త ఇళ్లు, పాత కాలువలు

2024 మార్చిలో ‘కెనడాలో వానకూ పన్ను’ అన్న వార్త మన ఫోన్లన్నింటినీ ఒక చుట్టు చుట్టి వచ్చింది. టొరంటో నగరం చేస్తున్న ఒక ఆలోచనను పట్టుకుని కొన్ని చానళ్లు దాన్ని దేశం మొత్తానికీ అంటగట్టాయి. ఊళ్ల నుంచి అమ్మానాన్నలు ఫోన్ చేసి, వాన పడినప్పుడల్లా డబ్బులు కట్టాలా అని అడిగారు. మనం నవ్వుకున్నాం, మీమ్‌లు పంపుకున్నాం. కొద్ది వారాలకే టొరంటో ఆ ప్రతిపాదనను పక్కన పెట్టడంతో కథ ముగిసిందనుకున్నాం.

నిజానికి అది అక్కడ మొదలైందీ కాదు, అక్కడ ముగిసిందీ కాదు. కిచెనర్, వాటర్‌లూ నగరాలు 2011 నుంచి, మిస్సిసాగా 2016 నుంచి ఇలాంటి రుసుము వసూలు చేస్తూనే ఉన్నాయి. ఇప్పుడు హామిల్టన్ వంతు. ముందు 2025 సెప్టెంబరు అనుకుని, తర్వాత 2026 ఏప్రిల్‌ను ప్రారంభ తేదీగా పెట్టుకున్నారు. మన గ్రూపుల్లో చర్చంతా ఈ రుసుము ఎంత, ఎందుకు అన్నదాని చుట్టూనే తిరుగుతోంది. కానీ మిస్సిసాగా, బ్రాంప్టన్ ధరలు భరించలేక హామిల్టన్ వైపు వస్తున్న కుటుంబాలకు అంతకంటే పెద్ద ప్రశ్న ఇంకొకటుంది. కొత్త కాలనీ కట్టినప్పుడు దాని మీద పడే వాననీరు ఎటు పోవాలి, ఆ బాధ్యత ఎవరిది? ఈ విషయంలో నిబంధనలు గట్టిగానే ఉన్నాయి. వాటికి కన్నాలూ ఉన్నాయి.

ముందు ఊరి నైసర్గిక స్వరూపం గుర్తు చేసుకోవాలి. నయాగరా ఎస్కార్ప్‌మెంట్ ఈ నగరాన్ని రెండు అంతస్తులుగా చీలుస్తుంది. పైన ‘మౌంటెన్’, కింద హార్బరును ఆనుకుని పాత ఊరు. ఇక్కడ వందకు పైగా జలపాతాలున్నాయని సందర్శకులకు గొప్పగా చెప్పుకుంటాం. జలపాతం అంటే పైన పడిన నీరు కిందికి వేగంగా దిగే చోటు. పై అంతస్తులో పొలం ఉన్నప్పుడు వచ్చే నీరు వేరు, అదే పొలంలో ఇళ్లు, రోడ్లు వచ్చాక వచ్చే నీరు వేరు. చెడోక్ క్రీక్, రెడ్ హిల్ క్రీక్ లాంటి వాగులు ఆ తేడాను మోసుకుంటూ కిందికి వస్తాయి.

కింద పాత ఊళ్లో ఇంకో చిక్కు. ఒకప్పటి పద్ధతి ప్రకారం అక్కడ చాలా వీధుల్లో మరుగుదొడ్ల నీరు, వాననీరు ఒకే గొట్టంలో పోతాయి. మామూలు రోజుల్లో అదంతా శుద్ధి కేంద్రానికి చేరుతుంది. కుండపోత వాన పడితే గొట్టం నిండిపోతుంది. అలాంటప్పుడు నీటిని ఆపి ఉంచడానికి భూగర్భంలో పెద్ద ట్యాంకులు కట్టారు. అవీ నిండితే మురుగు కలిసిన నీరు వాగులోకి పొంగుతుంది, లేదా వచ్చిన దారినే వెనక్కి తన్ని బేస్‌మెంట్లలోని ఫ్లోర్ డ్రెయిన్ల నుంచి పైకి వస్తుంది. 2009 జులై 26న జరిగింది ఇదే. కొద్ది గంటల్లో కురిసిన వానకు వేలాది బేస్‌మెంట్లు మునిగాయి. అప్పటికి తెరిచి రెండేళ్లు కూడా నిండని రెడ్ హిల్ వ్యాలీ పార్క్‌వే నీళ్లలో మునిగింది.

బేస్‌మెంట్ అనగానే మనవాళ్లకు వేరే అర్థం కూడా ఉంది. మెక్‌మాస్టర్‌లోనో, మోహాక్ కాలేజీలోనో చదువుకోవడానికి వచ్చిన పిల్లలు ముందు దిగేది అక్కడే. కొత్తగా వచ్చిన జంటలు మొదటి ఏడాది గడిపేదీ అక్కడే. వాళ్ల సర్టిఫికెట్లు, ల్యాప్‌టాప్, పరుపు, బియ్యం బస్తా అన్నీ నేల మీదే ఉంటాయి. ఇంటి యజమానికి బీమా ఉన్నా అద్దెకున్నవాళ్ల సామానుకు అది వర్తించదు. పైగా మురుగు వెనక్కి తన్నే ప్రమాదానికి మామూలు ఇంటి బీమాలో రక్షణ ఉండకపోవచ్చు, చాలా కంపెనీలు దాన్ని విడిగా అమ్ముతాయి. అందుకే వాననీటి నిబంధనలంటే మనకు సంబంధం లేని ఇంజినీర్ల గొడవ అనుకుని వదిలేయలేం.

ఇక లెక్కకు వద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా ఒక లీటరు. ఇంటి కప్పు, డ్రైవ్‌వే కలిపి 200 చదరపు మీటర్లు అనుకుందాం. ఒక పూట 25 మిల్లీమీటర్ల వాన పడితే ఆ ఒక్క ఇంటి మీద 5,000 లీటర్లు. వంద ఇళ్ల కాలనీ అయితే 5 లక్షల లీటర్లు. హైదరాబాద్‌లో ఎండాకాలం తెప్పించుకునే పది వేల లీటర్ల ట్యాంకర్లు యాభై అన్నమాట. కాలనీ లోపలి రోడ్లు, పేవ్‌మెంట్లు దీనికి అదనం. అదే చోట గడ్డో పైరో ఉండగా ఇందులో ఎక్కువ భాగం నేలలోకి ఇంకేది. నేల మూసేశాక ఆ నీరంతా నిమిషాల్లో కాలువలోకి చేరుతుంది.

అందుకే ఆంటారియోలో కొత్త కాలనీకి అనుమతి అడిగే బిల్డరు వాననీటి నిర్వహణ నివేదిక ఇచ్చుకోవాలి. దీనిలో తరతరాలుగా నడుస్తున్న ప్రధాన సూత్రం, కట్టక ముందు ఆ స్థలం నుంచి నీరు ఎంత వేగంతో బయటికి పోయేదో, కట్టిన తర్వాత కూడా అంతకు మించకూడదని. రెండేళ్లకోసారి వచ్చే వాన నుంచి వందేళ్లకోసారి వచ్చే వాన దాకా ఈ లెక్క చూపించాలి. రెండోది శుభ్రత. రోడ్ల మీది మట్టి, నూనె వాగులోకి పోకుండా ఆపడం. 2003 నాటి రాష్ట్ర మార్గదర్శక గ్రంథం ప్రకారం చేపలకు ముఖ్యమైన వాగుల్లోకి పోయే నీటి నుంచి తేలియాడే మట్టిలో 80 శాతాన్ని తీసేయాలి. కొత్త కాలనీల మధ్య కంచె వేసి, చుట్టూ నడక దారి పెట్టి కనిపించే చెరువులన్నీ ఈ రెండు పనుల కోసం తవ్వినవే. బాతులు వాటంతట అవే వచ్చాయి.

ఈ చెరువు పద్ధతిలో ఒక లోపం ఉంది. అది వేగాన్ని తగ్గిస్తుంది కానీ నీటి మొత్తాన్ని తగ్గించదు. గంటలో పోయే నీరు రెండు రోజుల పాటు మెల్లగా పోతుంది. మునుపు ఇంకిపోయే నీరు ఇప్పుడు ఎప్పటికైనా వాగులోకే చేరుతుంది. పది కాలనీల చెరువులు ఒకే వాగులోకి ఒకే సమయంలో వదులుతుంటే వాగు గట్లు రోజుల తరబడి కోసుకుపోతాయి. ఎవరి నివేదిక వాళ్లది సరిగానే ఉంటుంది, వాగు మాత్రం తెగుతుంది. ఈ లోపాన్ని గుర్తించే 2022 నుంచి రాష్ట్ర పర్యావరణ శాఖ నగరాలకు ఇస్తున్న ఏకీకృత అనుమతుల్లో కొత్త షరతు చేరింది. ఏడాదిలో కురిసే వానల్లో 90 శాతం వానల దాకా, అంటే మన ప్రాంతంలో సుమారు 25 నుంచి 30 మిల్లీమీటర్ల వరకు, నీటిని వీలైనంత వరకు అక్కడికక్కడే ఇంకించాలి, లేదా వాడుకోవాలి, అవి కుదరకపోతే వడగట్టి వదలాలి. మన భాషలో చెప్పాలంటే ఇంకుడు గుంతల సూత్రం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే వాల్టా చట్టం ఈ మాట చెప్పింది. కాగితం మీద మనం ఇరవై ఏళ్లు ముందున్నాం! అక్కడ ఎన్ని అపార్ట్‌మెంట్లలో ఆ గుంతలు నిజంగా నీళ్లు తాగుతున్నాయో, ఎన్ని మట్టి నిండి మూసుకుపోయాయో పాఠకులకు తెలిసిందే.

ఆ ప్రశ్న ఇక్కడా వేయాల్సిందే. అనుమతి ఇచ్చే రోజున లెక్కలన్నీ పక్కాగా ఉంటాయి. పదేళ్ల తర్వాత ఆ చెరువులో పూడిక ఎవరు తీస్తున్నారు? మామూలు కాలనీల్లో బిల్డరు పనులన్నీ పూర్తి చేసి అప్పగించాక చెరువు నగరానిదవుతుంది. పూడికతీత ఖర్చు, అందులోని కలుషిత మట్టిని తరలించే ఖర్చు నగరం భరించాలి. అంటే మనమే. కొత్త వాననీటి రుసుము ఎందుకు అన్నదానికి ఒక సమాధానం ఇక్కడుంది. కొత్త కాలనీల కోసం బిల్డర్లు డెవలప్‌మెంట్ ఛార్జీలు కడతారు నిజమే, కానీ అవి నిర్మాణానికి. తర్వాత యాభై ఏళ్ల నిర్వహణకు ఆ డబ్బు రాదు.

మొదటిసారి ఇల్లు కొనే మన కుటుంబాలు ఎక్కువగా చూసేది టౌన్‌హౌస్‌లు. వాటిలో చాలా భాగం ఉమ్మడి రోడ్డు ఉన్న కాండో తరహావి, నెలకు కొంత మెయింటెనెన్స్ కట్టాలి. అలాంటి చోట చెరువుకు స్థలం ఉండదు కాబట్టి పార్కింగ్ కింద పెద్ద ట్యాంకు, మట్టినీ నూనెనూ వేరుచేసే గది పెడతారు. ఇవి నగరానివి కావు, కాండో కార్పొరేషన్‌వి. వాటిని శుభ్రం చేయించాల్సింది, పాడైతే మార్పించాల్సింది యజమానులే. అమ్మకం ఆఫీసులో గ్రానైట్ కౌంటర్ గురించి అరగంట చెప్పేవాళ్లు దీని గురించి ఒక్క ముక్క చెప్పరు. పాత టౌన్‌హౌస్ కొంటుంటే స్టేటస్ సర్టిఫికెట్ తెప్పించుకుని, రిజర్వ్ ఫండ్ అధ్యయనంలో ఆ ట్యాంకు పేరు ఉందో లేదో లాయరు చేత చూపించుకోవడం మంచిది. సర్టిఫికెట్‌కు చట్టం ప్రకారం వంద డాలర్లు మించదు.

విడి ఇళ్లలో మన తప్పులు వేరేగా ఉంటాయి. కొత్త ప్లాట్లలో ఇళ్ల వెనకా పక్కలా కనీకనిపించని పల్లపు గీత ఉంటుంది. అది అందం కోసం పెట్టింది కాదు, నాలుగిళ్ల నీరు పోయే దారి. దాన్ని ఎత్తు పెంచి షెడ్డు వేసినా, తులసి కోట చుట్టూ సిమెంటు చేయించినా నీరు పక్కింటి గోడ వైపు తిరుగుతుంది. మూడు కార్లకు చోటు కావాలని డ్రైవ్‌వే వెడల్పు చేసుకోవడం మనలో చాలామంది చేసే పనే. ఒక్క ఇంటితో ఏమీ కాదు. వీధిలో సగం ఇళ్లు అదే చేస్తే, చెరువును ఏ లెక్కతో తవ్వారో ఆ లెక్క తప్పుతుంది.

ఇంతకంటే పెద్ద కన్నం పాత వీధుల్లో ఉంది. 2022 నవంబరులో రాష్ట్రం తెచ్చిన బిల్ 23 ఒక ఇంటి స్థలంలో మూడు యూనిట్ల దాకా కట్టుకునే హక్కు ఇచ్చింది. ఇళ్ల కొరత ఉన్న రాష్ట్రంలో అది అవసరమే, మనలో చాలామంది పెట్టుబడిదారులకు కలిసొచ్చింది కూడా. అదే చట్టం పది యూనిట్లకు మించని నివాస ప్రాజెక్టులను సైట్ ప్లాన్ నియంత్రణ నుంచి తప్పించింది. పెద్ద కాలనీ నుంచి బయటికొచ్చే ప్రతి లీటరునూ నగరం కొలిచేది ఈ దశల్లోనే. చిన్న ప్రాజెక్టు ఆ మెట్టు ఎక్కకుండానే భవన అనుమతికి వెళ్లిపోతుంది. బయట పొలాల్లో కట్టే వెయ్యి ఇళ్లకు కఠినమైన పరీక్ష ఉంది. ఊరి నడుమ, అదీ మురుగూ వాననీరూ కలిసి పోయే గొట్టాలున్న చోట, పెరడు కప్పేసి కట్టే చిన్న నిర్మాణాలకు అంత పరీక్ష లేదు. గొట్టం ఎక్కడ ఇరుకో అక్కడే నిఘా పలచబడింది. ఈ వ్యవస్థలో నాకు అన్నిటికంటే అసంబద్ధంగా కనిపించేది ఇదే.

ఇదే చట్టం కన్జర్వేషన్ అథారిటీల నోరూ కొంత కట్టేసింది. హామిల్టన్ నగరం నాలుగు అథారిటీల పరిధిలో ఉంది, వాటిలో హామిల్టన్, హాల్టన్ పేర్లు మనకు పార్కు టికెట్ల వల్ల పరిచయం. మునుపు వీళ్లు నగరాల తరఫున కొత్త ప్రాజెక్టుల వాననీటి నాణ్యత గురించి కూడా అభిప్రాయం చెప్పేవాళ్లు. 2023 నుంచి వరద, గట్ల కోత లాంటి సహజ ప్రమాదాలకే పరిమితం కావాల్సి వచ్చింది. 2025 అక్టోబరు ఆఖరున రాష్ట్రంలోని 36 అథారిటీలను కలిపి ఏడు పెద్ద ప్రాంతీయ సంస్థలుగా చేస్తామన్న ప్రతిపాదన కూడా వచ్చింది. అనుమతులు త్వరగా వస్తాయన్నది ప్రభుత్వ వాదన. అందులో పసలేదనను. అనుమతుల ఆలస్యానికి వడ్డీ కట్టేది చివరికి కొనేవాడే. కానీ చెడోక్ క్రీకుకీ రెడ్ హిల్ క్రీకుకీ తేడా తెలిసిన ఇంజినీరు ఇంకా హామిల్టన్‌లోనే కూర్చుంటాడా అన్నది అడగదగ్గ ప్రశ్న.

ఊరు ఎటు పెరగాలన్న గొడవకీ నీటికీ సంబంధం ఉంది. 2021 నవంబరులో హామిల్టన్ కౌన్సిల్ పట్టణ సరిహద్దు పెంచవద్దని తీర్మానించింది. ఏడాది తిరక్కుండానే రాష్ట్రం ఆ నిర్ణయాన్ని తోసిపుచ్చి సుమారు 2,200 హెక్టార్లు, మన కొలతలో 5,400 ఎకరాలకు పైగా, కలపమంది. 2023లో గ్రీన్‌బెల్ట్ వివాదం ముదిరాక వెనక్కి తీసుకుంది. 2024లో మళ్లీ చట్టం మార్చి, కౌన్సిల్ కాదన్నా బిల్డర్లు ల్యాండ్ ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకునే దారి తెరిచింది. ఎల్ఫ్రిడా, వైట్ చర్చ్ ప్రాంతాల పేర్లు మీకు రియల్టర్ల ప్రకటనల్లో వినిపిస్తుంటే దాని వెనక కథ ఇది. ఆ పొలాల్లో కొత్త ఇళ్లు వస్తే మనలో కొందరు కొనుక్కుంటారు, సంతోషమే. ఆ పొలాలు ఇప్పటిదాకా డబ్బు తీసుకోకుండా చేస్తున్న పనిని రేపు చెరువులు, పంపులు, గొట్టాలు చేయాలి. ఆ ఖర్చు బ్రోచరులో ఉండదు.

ఇక రుసుము న్యాయమా కాదా? నా ఉద్దేశంలో సూత్రం న్యాయమైనదే. ఇన్నాళ్లూ హామిల్టన్‌లో వాననీటి ఖర్చును ఎక్కువగా నీటి బిల్లులో కలిపి వసూలు చేశారు. అంటే కుళాయి ఎక్కువ తిప్పేవాడు ఎక్కువ కట్టాడు. నలుగురు పిల్లలు, అత్తమామలు ఉన్న ఇల్లు స్నానాలకూ వంటకూ వాడిన నీళ్లకు తగ్గట్టు వాననీటి ఖర్చూ మోసింది. ఎకరాల కొద్దీ పార్కింగ్ పరిచి రెండు కుళాయిలు పెట్టుకున్న షాపింగ్ ప్లాజా స్వల్పంగా కట్టి బయటపడింది. కొత్త పద్ధతిలో నీరు ఇంకని నేల ఎంత ఉంటే అంత కట్టాలి. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు భారం తగ్గాలి, పెద్ద ఇళ్లకు, గోదాములకు పెరగాలి. పెద్ద పార్కింగ్ ఉన్న మన గుళ్లు, కమ్యూనిటీ హాళ్ల కమిటీలు మాత్రం ఇప్పుడే లెక్క వేసుకోవాలి. స్థలంలోనే నీటిని ఆపుకునే ఏర్పాట్లు చేసేవాళ్లకు నగరం రాయితీ పథకం పెట్టింది. వచ్చే వేసవిలో పార్కింగ్‌కు తారు పోయించాలనుకునే కమిటీలు ముందు ఆ పథకం చదవాలి. రైతులు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. వాళ్ల నీరు నగరపు గొట్టాల్లోకి రాదు, వాళ్ల పొలమే నీరు తాగుతుంది కదా అన్న వాళ్ల వాదనలో నిజముంది.

సూత్రం సరే, వసూలు చేసే చేతిని నమ్మడం ఎలా అన్నది అసలు ఇబ్బంది. చెడోక్ క్రీకు సంగతి మరిచిపోలేం. 2014 జనవరి నుంచి 2018 జులై దాకా నాలుగున్నరేళ్లు ఒక ట్యాంకు గేటు కొంచెం తెరిచి ఉండిపోయి, 2,400 కోట్ల లీటర్ల మురుగు, వాననీరు కలిసి కూట్స్ పారడైజ్ చిత్తడి నేలలోకి పోయాయి. ఎంత పోయిందో తెలిశాక కూడా కౌన్సిల్ నెలల తరబడి గుట్టుగా ఉంచింది. 2019 నవంబరులో హామిల్టన్ స్పెక్టేటర్ పత్రిక బయటపెట్టాకే జనానికి తెలిసింది. ఆ గాయం మానకముందే 2022 నవంబరులో ఇంకొకటి బయటపడింది. వెంట్‌వర్త్ వీధి దగ్గర యాభై ఇళ్ల మురుగు గొట్టం పొరపాటున వాననీటి గొట్టానికి కలిసి 1996 నుంచి, అంటే 26 ఏళ్లుగా, నేరుగా హార్బరులోకి పోతోందని. వానకు సంబంధం లేకుండానే ఇన్ని జరిగాయి. ఈ చరిత్ర ఉన్న నగరం కొత్త రుసుము అడిగేటప్పుడు దాన్ని విడి ఖాతాలో పెట్టి, ఏటా ఏ చెరువులో పూడిక తీశారో, ఏ వీధిలో గొట్టాలు విడదీశారో, ఎన్ని గేట్లు తనిఖీ చేశారో పేరు పేరునా చెప్పాలి. ఆ జాబితా అడగడానికి పౌరసత్వం కూడా అక్కర్లేదు, వార్డు కౌన్సిలర్‌కు ఒక ఉత్తరం చాలు. 2026 అక్టోబరులో ఆంటారియో అంతటా మునిసిపల్ ఎన్నికలున్నాయి. ఓటున్నవాళ్లు గుమ్మం ముందుకొచ్చిన అభ్యర్థిని ఈ మాట అడగవచ్చు.

విజయవాడలో 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు, హైదరాబాద్‌లో హైడ్రా కూల్చివేతలు మొదలైనప్పుడు మనమంతా ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అనే మాటలు మాట్లాడాం. అక్కడ రిజిస్ట్రేషన్ అయ్యి, బ్యాంకు లోను వచ్చి, ఇంటి పన్ను కట్టిన తర్వాత కూడా ఇల్లు చెరువులో ఉందని తేలింది. హామిల్టన్‌లో అంత దారుణం జరగదు, వాగు గట్టున కట్టడానికి అథారిటీ అనుమతి తప్పనిసరి. ఇక్కడ ప్రమాదం అంత పైకి కనిపించదు. ఇల్లు చట్టబద్ధమే, కాలనీ చట్టబద్ధమే, కానీ కింద గొట్టానికి మోసే శక్తి చాలదు.

కొనేముందు కొన్ని అడగండి. ఈ వీధిలో వాననీటికీ మురుగుకీ వేర్వేరు గొట్టాలా, ఒకటేనా? నగర కార్యాలయానికి ఫోన్ చేస్తే చెబుతారు. ఇంటికి బ్యాక్‌వాటర్ వాల్వ్ ఉందా, సంప్ పంపు కరెంటు పోతే ఏమవుతుంది? చెరువు పక్క ప్లాటుకు అదనపు ధర అడుగుతుంటే ఆ చెరువు నగరానికి అప్పగించారా, ఇంకా బిల్డరు చేతిలోనే ఉందా? పాత ఇల్లయితే నగరం నడిపే ప్రొటెక్టివ్ ప్లంబింగ్ ప్రోగ్రామ్ కింద అర్హత ఉన్న ఇళ్లకు వాల్వ్ పెట్టించుకోవడానికి రెండు వేల డాలర్ల దాకా సాయం దొరుకుతుంది, పని మొదలుపెట్టక ముందే దరఖాస్తు చేసుకోండి. బేస్‌మెంట్ అద్దెకిస్తున్నవాళ్లు ఈ వాల్వ్‌ను ఏడాదికోసారి తెరిచి శుభ్రం చేయించాలి. అద్దెకున్న పిల్లలు నెలకు కొద్ది డాలర్లతో టెనెంట్ బీమా తీసుకుని, అందులో మురుగు వెనక్కి తన్నినప్పటి నష్టం కలిసి ఉందో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.